అద్దం కింది దీపాలు

ఆదివారం ఉదయం ఏడింటికే వరహాలబాబు కారు పక్కన పాత పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటు కింద పార్కింగులోకి ఎండ రాదు. పట్టపగలు కూడా మసకగానే ఉంటుంది. పేపరు మీద ఒక స్క్రూడ్రైవరు, చిన్న టార్చి, ముందురోజు బస్సెక్కి రాణిగంజి వెళ్లి కొనుక్కొచ్చిన రెండు ఎల్‌ఈడీ బల్బులు ఉన్నాయి.

కారు కొడుకు సూరిది. సెకండ్‌హ్యాండుదే అయినా దర్జా గలది. తాళం తియ్యగానే రెండు పక్క అద్దాల కిందా చెరొక బుల్లి దీపం వెలిగి, దిగేవాళ్లు అడుగు పెట్టేచోట నేల కనిపించేలా చెయ్యాలి. కానీ ఎడమవైపు బల్బు మాడిపోయి నాలుగు నెలలైంది. కుడివైపుది వెలిగీ వెలగనట్టు ఉంది.

"వచ్చేవారం సర్వీసింగుకి ఇస్తాగా నాన్నా" అని సూరి ఈ నాలుగు నెలలుగా అంటూనే ఉన్నాడు. మొన్న గురువారం తిరుమలగిరిలో పెళ్లి విందుకు వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరారు. వీధిలో కరెంటు లేదు. గేటు ముందు కేబులు కోసం తవ్విన గొయ్యి ఉంది. వరహాలబాబు భార్య అప్పలలక్ష్మి ఎడమ తలుపు తీసుకుని దిగుతూనే నేరుగా అందులో కాలు పెట్టింది. చీలమండ వాచి, మూడు రోజులుగా గోడ పట్టుకుని నడుస్తోంది.

ఆ మూడు రోజులూ వరహాలబాబు ఆ బల్బు సంగతే తలుచుకుంటున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. పనిచెయ్యని బోర్డును బల్ల మీద పెడితే లోపం ఎక్కడుందో పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. అలాంటివాడి ఇంట్లో ఒక్క బల్బు మార్చే దిక్కు లేక మనిషి పడిపోవడమా?

వాచ్‌మన్ పర్వతాలు చీపురు పట్టుకుని అటుగా వచ్చాడు. "ఏంది సార్, పొద్దుగాల్నే షురూ చేసిండ్రు? షోరూమోళ్లు చేస్తరు గద."

"వాళ్లు చేసేసరికి ఇంకొకళ్లు పడతారు" అన్నాడు వరహాలబాబు తలెత్తకుండా.

అద్దం కింద ప్లాస్టిక్ మూత ఊడదీసి, మాడిన బల్బు లాగేసి, కొత్తది దూర్చాడు. వెలగలేదు. తీసి, తుడిచి, మళ్లీ దూర్చాడు. ఊహూ. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, టార్చి పళ్ల మధ్య కరిచి పట్టుకుని మూడోసారి ప్రయత్నించాడు. అయినా వెలగలేదు. విసుగ్గా మూత నొక్కేసరికి, దాన్ని పట్టి ఉంచే కొక్కెం టప్పున విరిగింది.

సరిగ్గా అప్పుడే లిఫ్టులోంచి సూరి వచ్చాడు. రాత్రంతా ఆఫీసు కాల్స్‌లో ఉన్నాడేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెవి దగ్గరి ఫోను దించి, నేల మీద ముక్క చూశాడు.

"ఏం చేశారు నాన్నా?"

"నువ్వు చెయ్యని పని చేస్తున్నాను."

"దాన్ని ముట్టుకోవద్దని చెప్పానా లేదా? పదకొండింటికి నేను ఆఫీసుకి పోవాలి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. ఆ మూత అలా వేలాడుతుంటే ఎలా పోను?"

"మీ అమ్మ కాలు వేలాడుతుంటే ఎలా పోయావో అలాగే పో."

సూరి మొహం మాడిపోయింది. "అమ్మ పడింది నా వల్లనా? గొయ్యి నేను తవ్వానా?"

"దీపం వెలిగుంటే గొయ్యి కనపడేది. నాలుగు నెలల్నుంచీ చెప్తున్నాను. నీకు కంపెనీ బాగుంటే చాలు, ఇంట్లో ఎవరు ఎలా పోతేనేం."

"ప్రతిదీ మీరే చెయ్యాలంటారు, ప్రతిదీ పాడు చేస్తారు. మొన్న గీజరు, ఇప్పుడిది. మీకు రిటైరై ఆరేళ్లయింది. ఆ సంగతి మీకు మాత్రమే తెలియదు."

చీపురు చప్పుడు ఆగిపోయింది. పరాయివాడి ముందు కొడుకు ఆ మాటనడం వరహాలబాబు గుండెలో దిగింది. చేతిలోని బల్బువైపు చూశాడు. అప్పుడు తట్టింది. ఎల్‌ఈడీకి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి. తిరగేసి పెడితే వెలగదు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకి ఆయన మొదటిరోజు చెప్పే పాఠమే అది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బల్బు అటుదిటు తిప్పి గుచ్చాడు.

తెల్లటి వెలుతురు పాలు ఒలికినట్టు నేలంతా పరుచుకుంది.

కింద అరుపులు విని అప్పలలక్ష్మి కోడలు భానుప్రియ చెయ్యి పట్టుకుని దిగి వచ్చింది. "ఏటండీ ఇది? అందరూ వింటన్నారు. కాలు నాది, గొడవ మీకేటి?"

"గొడవ అయిపోయింది. నువ్వొచ్చి సీట్లో కూర్చుని ఒకసారి దిగు" అన్నాడు వరహాలబాబు, కొడుక్కి వినబడేలా. "వాడు కూడా చూస్తాడు."

ఆమె కూర్చుంది. తలుపు తీసింది. వెలుతురు ఆమె చీర కుచ్చిళ్ల మీద, పాదాల మీద, చుట్టూ రెండడుగుల మేర పడుతోంది. గచ్చు మీద పగులు కూడా కనబడుతోంది. అప్పలలక్ష్మి ఎదురుగా చూస్తూ, కుడికాలి బొటనవేలితో నేల కోసం తడిమింది. ఒకసారి తడిమి, వెనక్కి తీసుకుని, మళ్లీ తడిమింది.

"ఇంకా ఎయ్యలేదేటి దీపం?" అంది.

అందరూ నేల మీది వెలుతురువైపు చూశారు. ఆ చూపులు గమనించి ఆమె గబుక్కున మెడ పూర్తిగా వంచి కిందికి చూసింది. "ఆ, ఉందుంది. బాగుంది" అంది తడబడుతూ.

వరహాలబాబు లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "లక్ష్మీ, తల కదపకు. నా మొహమే చూడు." తన చెయ్యి చెంప దగ్గర పెట్టాడు. "చెయ్యి కనబడుతోందా?"

"కనపడతంది."

మెడ దగ్గరికి దించాడు. "ఇప్పుడు?"

"కొంచెం."

గుండె దగ్గరికి దించాడు. "ఏదీ?" అంది. కళ్లనిండా నీళ్లు నిండాయి.

"ఎన్నాళ్లనుంచి?"

"దసరా ముందునుంచి" అంది నెమ్మదిగా. "మొహాలు తెలుస్తాయి. టీవీ తెలుస్తాది. కిందదే, లేనట్టుంటాది. గుమ్మాలు తగుల్తన్నాయి. చెప్తే మీరు పొయ్యి దగ్గరకి పోనీరు, గుడికి పోనీరు. ఓ మూల కూసోబెడతారు. అందుకని..."

భానుప్రియ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఈమధ్య అత్తగారు పెరుగుగిన్నె జారవిడిచినప్పుడల్లా తను విసుక్కున్న సంగతి గుర్తొచ్చి తల దించుకుంది. సూరి ఆఫీసుకి ఫోను చేసి, "నేను ఇవాళ రాలేను. మా అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను" అని పెట్టేశాడు.

ఆదివారమైనా కళ్లు చూసే ఆసుపత్రి ఒకటి సికింద్రాబాదులో దొరికింది. రెండు గంటలు రకరకాల పరీక్షలు చేసి, డాక్టరమ్మ నీటికాసులు, అంటే గ్లాకోమా, అన్నది. పోయిన చూపు తిరిగి రాదు. రోజూ చుక్కలు వేసుకుంటే, వేళకి వచ్చి చూపించుకుంటే ఉన్నది నిలబడుతుంది. ఇంకో ఏడాది ఆలస్యమైతే అదీ చెప్పలేకపోయేదాన్ని అంది.

బయట బెంచీ మీద తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. వరహాలబాబే ముందు అన్నాడు.

"నీ మీద అరిచాను. బల్బు వెలిగున్నా పడేదే. నలభై ఏళ్లుగా పక్కనే ఉన్నాను, సూరీ. నేను చూడలేదు."

"నేనూ చూడలేదు నాన్నా." అన్నాడు సూరి. "ఆ రిటైర్మెంటు మాట... అది అనకుండా ఉండాల్సింది."

"అన్నావులే" అంటూ వరహాలబాబు కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

మందుల సంచితో భానుప్రియ, ఆమె వెనక అప్పలలక్ష్మి వచ్చారు. ఆసుపత్రి మెట్ల దగ్గర ముగ్గురూ ఒకేసారి ఆమె చెయ్యి అందుకోబోయారు. ఆమె అందరి చేతులూ వదిలించుకుంది.

"అదిగో, దీనికే చెప్పలేదు" అంది. "నేను దిగుతాను. ఎన్ని మెట్లున్నాయో చెప్పండి, చాలు."

వరహాలబాబు వంగి, ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ జాగ్రత్తగా లెక్కపెట్టాడు.

"ఏడు" అన్నాడు.

ఆమె చీర కొంచెం ఎత్తి పట్టుకుని, ఎదురుగా రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ, మొదటి మెట్టు దిగింది.