నాలుగు దేశాల సీలు

కాల్హేర్ గోదాములో గుడ్డ బేళ్ల సందున కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ శవం దొరికి మూడు గంటలైంది. మెడ చుట్టూ సన్నటి తీగ గాటు.

“టైమ్ లేదు మహేంద్రా,” ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. “పన్నెండుకు మంత్రులు జెండా ఊపుతారు. ఇండియా, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ కొత్త ఒప్పందంలో మొదటి కంటెయినర్ అది. అక్కడ సీలు వేస్తే ఢాకా దాకా ఎవరూ విప్పరు. అందులో ఎక్కడో బాంబు పెట్టారని కబురు. అది పేలితే ఒప్పందం గోవిందా. అక్కడున్న నీలిమ మన ఏజెంటే, సాయం చేస్తుంది.”

హమాలీ వేషంలో ఉన్న మహేంద్ర తల తువ్వాలు బిగించాడు. పక్కనే అతని కాక అంకుశం. తెలుగు నేతగాళ్లుండే పద్మనగర్‌లో నలభై ఏళ్లు పవర్‌లూమ్ సాంచెలు నడిపి చెవులు పోగొట్టుకున్న మనిషి. తను నేసిన గుడ్డ బండెక్కడం చూడాలని వచ్చాడు. ఈ సరుకు దాటకపోతే సాంచెలను తుక్కుకు అమ్మేస్తానని సేఠ్ తేల్చి చెప్పాడు మరి.

బేళ్లన్నీ స్కాన్ చేశారు. ఏమీ దొరకలేదు. కంటెయినర్‌కెక్కించి, తలుపుకు తీగతో డబ్బాలాంటి సీలు బిగించారు. పదకొండు యాభై ఐదు. అద్దాల కేబిన్‌లో నీలిమ ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతోంది. అక్కడి మాటలు వినడానికి చీఫ్ పెట్టించిన బగ్ పొద్దుటే మూగబోయింది.

“గా పిల్ల ఏమంటుందో ఎరికేనా?” అన్నాడు అంకుశం.

సాంచెల మోతలో మాట వినపడదు. అక్కడివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. పదేళ్ల ఢిల్లీ కాపురంలో మహేంద్ర ఆ చదువు మరిచిపోయాడు.

“ఏమంటుంది కాకా?”

“‘బాంబ్ సీల్‌మే హై, బారా బజే’ అంటుంది. ఎర్రగ లిప్‌స్టిక్ ఏసుకుంది, సాఫ్ కనవడుతుంది.”

బాంబు సీలులోనే ఉంది, పన్నెండుకు పేలుతుంది. ఎవరూ ముట్టుకోకూడని సీలు. పాపం, ఇన్‌స్పెక్టర్ ముట్టుకునే ఉంటాడు. మహేంద్ర అంకుశం మొలలోని తీగలు తెంపే పక్కడ్ లాక్కుని పరుగెత్తాడు. వెనక నుంచి నీలిమ పేల్చిన తూటా తువ్వాలును ఎగరగొట్టింది. సీలు తీగ తెగింది. దాన్ని గోదాము వెనక పారే ఖాడీ నీళ్లలోకి విసిరాడు. మరుక్షణం నీళ్లు గోదాము కప్పు ఎత్తున లేచాయి. గార్డులు నీలిమ చేతులు విరిచి పట్టుకున్నారు.

గంట తర్వాత చీఫ్ మళ్లీ పలికాడు. “మిషన్ సక్సెస్. కానీ సీలు తెగిన బండి సరిహద్దు దాటకూడదు. ఒప్పందంలో మొదటి షరతే అది. మంత్రులు విమానాలెక్కేశారు. ఇక ఇప్పట్లో కలిసి కూర్చోరు.”

మహేంద్రకు ఏడుపొచ్చింది. ఎదురుగా హమాలీలు బేళ్లను కిందికి దించుతున్నారు. అంకుశం వాటినే చూస్తున్నాడు.

“మీ సాబు ఏమంటుండు?”

“మనం గెలిచినమంటుండు కాకా.”

“గట్లనా. అయితే గా హమాలీ బట్టలు ఇప్పకు బిడ్డా. రేపు సాంచెలు తుక్కుకు పోతయి, మోయనీకి మనిషి కావాలె.”