తూనీగ మార్చిన తెల్ల కార్డులు

డాబాల మీద ఆ తెల్ల కార్డులు పెట్టింది గాలి కోసం కాదట. ఏ ఇల్లు ఎంత మురికిగా ఉందో కనిపెట్టడానికట. కార్డు నల్లబడితే ఆ ఇంటివాళ్ల పేరు బోర్డు మీద రాస్తారట.

ఈ మాట మెట్ల కింద కొట్టు నడిపే అత్త కుళాయి దగ్గర అందట. వాగుడుకాయ వాళ్లమ్మ విందట. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి వాగుడుకాయ దాన్ని బడికి మోసుకొచ్చి, తన క్లాసులోని తూనీగ చెవిలో పడేసింది.

"మీ కార్డు బొగ్గులా ఉంటుందంటగా?" అని కూడా అడిగింది.

తూనీగ సగం అన్నంతోనే డబ్బా మూసేసింది. సన్నటి కాళ్లు, పెద్ద కళ్లు చూసి వీధిలో అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు.

కార్డులు పెట్టించింది గాలి అక్క. గాలి పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో కలిపి, వీధికొకటి చొప్పున అరవై డాబాల మీద చెక్కపెట్టెలు బిగించింది. పెట్టెలో వాజిలిన్ పూసిన కార్డు ఉంటుంది. వారమంతా గాలిలోని మసి దానికి అంటుకుంటుంది. శనివారం ఆ ఇంటి పిల్లలు దాన్ని కవర్లో పెట్టి, తేదీ రాసి, తమకిచ్చిన కట్టలోంచి కొత్త కార్డు తగిలించాలి.

తూనీగ వాళ్లమ్మ తెల్ల యూనిఫాం చొక్కాలు కుడుతుంది. రోజుకు మూడుసార్లు ఇల్లు తుడుస్తుంది. మురికి ఇల్లని పేరుపడితే తెల్లబట్ట ఎవరిస్తారు?

ఆ రోజు కార్డులు పెట్టాక వచ్చిన మొదటి శుక్రవారం. సాయంత్రం తూనీగ డాబా ఎక్కి పెట్టె తెరిచింది. కార్డు మాడిన గిన్నె అడుగులా ఉంది. వేలు పెడితే కాటుకలా అంటుకుంది. గబగబా దాన్ని చెత్తబండిలో పడేసి, కొత్తది తగిలించింది. మర్నాడు తీస్తే ఇంచుమించు తెల్లగానే ఉంది. తేదీ రాసి గాలి అక్కకు ఇచ్చేసింది.

"గాలిని కూడా మీ అమ్మే తుడుస్తుందా ఏమిటే?" అంది వాగుడుకాయ ఆ కార్డు చూసి.

తూనీగ పడీపడీ నవ్వింది. తరవాత పది శుక్రవారాలూ అదే పని చేసింది.

ఈలోగా తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఐదేళ్ల పిల్లాడు. ఊపిరి తీస్తే పిల్లంగోవిలా శబ్దం వచ్చేది. డొక్కలు లోపలికి పోయేవి. రెండుసార్లు ఆస్పత్రిలో ముక్కుకు మాస్కు పెట్టి ఆవిరి పట్టారు.

"ఇల్లెక్కడ?" అని అడిగాడు డాక్టర్.

"పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ వెనకాలండి," అంది అమ్మ.

డాక్టర్ చీటీ తీసుకున్నాడు. "మందు రాస్తాను. కానీ ఆ పొగ తగ్గాలమ్మా," అన్నాడు.

పన్నెండో వారం స్కూలు హాల్లో మీటింగ్ పెట్టారు. గోడ మీద పెద్ద మ్యాపు. మసి ఎక్కువున్న వీధులకు ఎరుపు, తక్కువున్న వాటికి ఆకుపచ్చ. తూనీగ వాళ్ల వీధి పచ్చగా మెరిసిపోతోంది. ముందు వరసలో టైర్ల ఫ్యాక్టరీ యజమాని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కనే కాలుష్యం శాఖ ఆఫీసరు.

"పొగగొట్టానికి ఫిల్టర్ పెట్టించే పని ఈ ఏడు ఒక్క ఫ్యాక్టరీతో మొదలవుతుంది," అంది గాలి అక్క. "టైర్ల ఫ్యాక్టరీయే ముందు అనుకున్నాను. గాలి ఆ వీధి మీదికే వీస్తుంది మరి. కానీ కార్డులు తెల్లగా వచ్చాయి. అందుకని ఊరవతల ఇనుము కరిగించే ఫ్యాక్టరీ పేరు రాశాను."

అమ్మ ఒళ్లో తమ్ముడు నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. ఆ శబ్దం తప్ప తూనీగకు ఇంకేమీ వినపడలేదు. బెంచీ పట్టుకుని లేచి నిలబడింది.

"అక్కా, అవి వారం ఉంచిన కార్డులు కావు. నల్లవి నేను పారేశాను. ఒక్క రాత్రి ఉంచినవి ఇచ్చాను."

"ఎందుకమ్మా?"

"మా ఇల్లు మురికి అంటారని."

గాలి అక్క ముఖం పాలిపోయింది. "ఆ నలుపు కోసమే కదమ్మా పెట్టింది! ఒక్కటన్నా దాచావా?"

"లేదక్కా. అన్నీ చెత్తబండిలో పోయాయి."

తూనీగ మ్యాపు దగ్గరికి నడిచింది. బల్ల మీది నల్ల పెన్ను తీసుకుని తన వీధి పచ్చరంగు మీద అడ్డంగా గీత కొట్టింది. పక్కన 'ఇది అబద్ధం' అని రాసి, కింద తన అసలు పేరు పెట్టింది. హాలంతా గుసగుసలు. చెంపల మీద కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"సార్, ఆ వీధిలో మళ్లీ కొలవాలి. మూడు నెలలు ఆగండి," అంది గాలి అక్క.

"కుదరదమ్మా. ఆర్డరు రేపే వెళ్లాలి," అని ఆఫీసరు ఫైలు మూశాడు. తూనీగ వాళ్లమ్మ వైపు తిరిగాడు. "చూడమ్మా, తప్పు మీ పిల్లది. దానికి మేమేం చేస్తాం? వచ్చే ఏడు చూద్దాం."

అమ్మ తమ్ముణ్ణి భుజానికెత్తుకుని లేచింది. ఇంకో చేత్తో తూనీగను దగ్గరికి లాక్కుంది.

"మా పిల్ల తన తప్పు లేచి నిలబడి చెప్పింది సార్. పొగ వదిలినవాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు."