అట్ట మీది తెలుపు

పొద్దున్నే టీచరమ్మ వంటింట్లో కూర్చుని తెల్ల అట్టలు కత్తిరిస్తోంది. బడిలో గాలి గురించి పాఠం మొదలైంది మరి. అట్టకు వాజిలైన్ రాసి గదిలో వేలాడదీస్తే, గాల్లో తిరిగే దుమ్మంతా దానికి అంటుకుంటుంది. పిల్లలు తమ ఇళ్లలో కట్టిన అట్టలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మాదిరికి ఒకటి తన కూతురి మంచం దగ్గరే కట్టింది. వారమైనా అది మచ్చ లేకుండా ఉంది.

ఆ తెలుపు చూసే ఆమె ధైర్యం తెచ్చుకుంటోంది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్లకు కొన్నాళ్లుగా దగ్గు. భర్తేమో వడ్రంగి. పక్క గదిలోనే చెక్క నునుపు చేసే మిషన్ పెట్టుకున్నాడు. అనుమానం రాక ఏమవుతుంది? వచ్చింది. కానీ అట్ట అలా ఉంటే ఆయన్ని ఏమని నిలదీస్తుంది?

పిల్లను లేపుదామని గదిలోకి వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారు గుడ్డతో అట్ట తుడుస్తోంది. పక్కనే వాజిలైన్ డబ్బా. గుడ్డంతా గోధుమరంగు చెక్కపొట్టు.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"మురికి పట్టింది కదమ్మా, రోజూ తుడిచి మళ్లీ రాస్తున్నా. బడిపిల్లలు చూస్తే మనిల్లు ఇంత మురికా అనుకోరూ?"

"రోజూనా? అయ్యో, కొంప ముంచారు కదండీ! ఆ మురికి చూడ్డానికే కట్టాను దాన్ని!"

అత్తగారు నోరు తెరిచేలోపే మంచం మీంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. పిచ్చుక లేచి కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదాలు పాలిపోయాయి. "అమ్మా" అనబోయింది, మాట రాలేదు. టీచరమ్మ పక్క గదివైపు తిరిగి అరిచింది.

"ఏవండీ, మిషన్ ఆపండి! పిల్లకి ఊపిరాడ్డం లేదు!"

తలనిండా పొట్టుతోనే ఆయన పిల్లను భుజాన వేసుకుని వీధి చివరి ఆసుపత్రికి పరుగెత్తాడు. వెనకే అత్తాకోడళ్లూ పరుగెత్తారు. డాక్టరమ్మ పిల్లను లాక్కుని ముఖానికి మందు ఆవిరి పట్టే మాస్కు పెట్టింది. "మీరు బయటికెళ్లండి, ఒళ్లంతా దుమ్ము!" అని ఆయన మీద కేకలేసింది. పాపం, ఆయన మెట్ల మీద కూర్చుని జుట్టు దులుపుకున్నాడు.

"ఇవాళే మిషన్ తీసేస్తాను. దూరంగా ఎక్కడో ఓ షెడ్డు చూసుకుంటా" అన్నాడు భార్యతో.

అత్తగారు మాత్రం ఆసుపత్రి తలుపు దగ్గరే బిగుసుకుపోయి నిలబడింది. "మురికి ఇల్లన్న సిగ్గొక్కటే కాదమ్మా. దుమ్ముందని తెలిస్తే నువ్వు పిల్లని తీసుకుని వెళ్లిపోతావేమోనని భయం. మీ ఇద్దరి మధ్యా గొడవ రాకూడదనుకున్నా. పసిదాని ప్రాణం మీదికి తెచ్చాను."

టీచరమ్మకు కోపం గొంతుదాకా వచ్చింది. కానీ కన్నీళ్లే ముందు దూకాయి. "నేను మాత్రం? దాని దగ్గు వింటూనే అట్టని నమ్మాను. రండి, లోపలికి రండి."

ముసలావిడ మెల్లగా వచ్చి మనవరాలి వీపుకు చెవి ఆనించింది.

"తగ్గిందా అత్తయ్యా?"

తగ్గిందని చెప్పడానికే పెదాలు కదిలాయి. కోడలి ముఖం చూసి ఆగింది.

"లేదమ్మా" అంది వెక్కుతూ. "ఇంకా పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి."

టీచరమ్మ అత్తగారి చేతిని గట్టిగా పట్టుకుని డాక్టరమ్మను కేకేసింది.