రెండు సంచుల విషం

"పురుగుల ప్రొఫెసర్‌గారిని విదేశీ ముఠా ఆవిడ లాబ్‌లోనే బంధించింది. ప్రాణాలతో తీసుకురా," అన్నాడు చీఫ్. "లోపల మన డబుల్ ఏజెంట్ సంపెంగ ఉంది. కోడ్‌వర్డ్ చెబితే తలుపు తీస్తుంది."

ఏజెంట్ పాదరసం ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళాడు.

"గాలి ఆడటం లేదా మేడమ్?"

"ఊపిరే ఆడటం లేదు," అంది సిల్కు గౌనులో మెరిసిపోతున్న సంపెంగ.

కోడ్ సరిపోయింది. అతను లోపల అడుగుపెట్టగానే వెనక ఉక్కు తలుపు ధడాలున మూసుకుంది.

"సారీ డియర్! నేనిప్పుడు అవతలి జట్టు," తలుపులోని చిన్న అద్దం వెనక నవ్విందామె.

కిటికీ లేని గది. గోడ పొడవునా గాజు పెట్టెలు, వాటి నిండా పురుగులు. మూల స్టూలు మీద ముసలి ప్రొఫెసర్.

"నువ్వూ ఇరుక్కున్నావా నాయనా?"

"బోనులో ఎలుకలా, అమ్మా."

ఆవిడ అద్దంలోంచి వరండా చూపించింది. రెండు డ్రమ్ములు. వాటి గాజు గొట్టాలు ఒకచోట కలిసి ఈ గదిలోకి వస్తున్నాయి. రెండు ద్రావకాలూ మెల్లగా పాకుతున్నాయి.

"విడివిడిగా ఉంటే మామూలువే. కలిస్తే విషపు ఆవిరి. ఇవాళ మన మీద ట్రయల్, రేపు ఊరి మీద. ఈ పురుగుల్ని చూసే నేర్చుకున్నారు దొంగలు! వీటి పొట్టలో రెండు సంచులు. కప్ప నోట పెట్టుకుందో, రెండూ కలిసి సలసల మరిగి వెనకనుంచి టప్‌మని పేలతాయి. మింగిన కప్ప కక్కేస్తుంది."

పాదరసానికి గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. అయినా అద్దం దగ్గర అరిచాడు.

"సంపెంగా! గొట్టం తిరగేసి బిగించారట! విషం నీ వైపే తన్నుతుందట!"

ఆమె ముఖం పాలిపోయింది. తలుపు జానెడు తెరిచి, పిస్తోలున్న చెయ్యి లోపల పెట్టింది. "ముసల్దాన్ని ఇటు పంపు, గొట్టం సరిచేస్తుంది!"

"నొక్కకు నాయనా, నిన్నే కాలుస్తాయి," గొణుగుతూ ప్రొఫెసర్ ఒక పురుగుల డబ్బా అందించింది. అతను దాన్ని ఆ సిల్కు గౌను వదులు చేతిలోకి ఒంపేశాడు. సంపెంగ ఉలిక్కిపడి చెయ్యి నొక్కుకుంది.

టప్! టప్! టప్!

కెవ్వుమంది సంపెంగ. పిస్తోలు జారింది. పాదరసం ఆమెను తోసుకుని వరండాలోకి దూకి డ్రమ్ముల వాల్వులు తిప్పాడు. రెండు ద్రావకాలూ ఒకదానికొకటి వేలెడు దూరంలో ఆగిపోయాయి.

సంపెంగకు బేడీలు పడ్డాక ఫోన్‌లో చీఫ్ అడిగాడు, "ఆమె చేతిని కాల్చిందెవరు?"

"ప్రొఫెసర్‌గారి పురుగులు సార్. శత్రువుకి వెన్ను చూపి గెలిచినవాళ్ళని ఇదే మొదటిసారి చూడటం."