పాట ఆగిన చోట

స్నానాల గదిలో నీళ్లు మోగుతున్నాయి. నీళ్ల మీదుగా పాట సాగుతోంది. ఆ ఇంట్లో ఆ పాట సరదా కాదు, కట్టుబాటు. మూర్ఛ ఉన్న కూతురు గడియ పెట్టుకోకూడదు. స్నానం ముగిసేదాకా పాడాలి. పాట ఆగితే తల్లి తలుపు తీయాలి.

ఆ ఉదయం పల్లవి దాటగానే పాట ఆగింది. వంటింట్లోంచి తల్లి చేతిలో గరిటెతోనే పరుగెత్తి తలుపు తోసింది.

"అమ్మా! చరణం మరిచిపోయానే!" సబ్బు నురగలోంచి కూతురు కేక పెట్టింది. "నాకు చివరిసారి మూర్ఛ వచ్చి నాలుగేళ్లయింది. నీ గుండెకే రోజుకోసారి వస్తోంది!"

ఎనిమిదింటికి ఫోనులో మాత్ర వేళ అలారం మోగింది. కూతురు మాత్ర వేసుకుని, గ్లాసు బల్ల మీద పెట్టి, వారంగా నాలుక చివర ఆడుతున్న మాట బయటపెట్టింది.

"మా బైండింగు షాపు పక్కనే గది దొరికిందమ్మా. పనికి రెండు బస్సులు మారి తిరుగుతుంటే నిద్ర చాలడం లేదు. నిద్ర చాలకపోతేనే నాకు ప్రమాదం."

"అక్కడ నీ పాట ఎవరు వింటారే?"

"జిగురు వింటుంది."

జిగురు అంటే షాపులో పుస్తకాలకు అట్టలు అతికించే అమ్మాయి. గదిలో రెండో మంచం ఆమెదే.

"దానికేం తెలుసు, అట్టలు తప్ప?"

"అన్నీ నేర్పాను. నేను పడిపోతే చుట్టూ ఉన్నవి తీసేయాలి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. పక్కకు తిప్పాలి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి. నోట్లో మాత్రం ఏమీ పెట్టకూడదు."

ఆ చివరి మాటకు తల్లి చేతిలో గరిటె బరువెక్కింది. తొలిసారి మూర్ఛ వచ్చిన రోజు, బిగుసుకున్న కూతురి పళ్ల మధ్య చెంచా దూర్చింది తనే. ముందుపన్ను కొన విరిగింది. మూర్ఛే విరగ్గొట్టిందని అందరితో చెప్పింది. చెప్పి చెప్పి తానూ నమ్మబోయింది.

"ఆ పన్ను... నేనే విరగ్గొట్టానే," అంది.

"తెలుసులే. ఆ సందులోంచేగా ఈల వేస్తున్నాను!"

"తెలిసీ ఒక్క మాటైనా అనలేదేం?"

"భయపడ్డ మనిషిని ఏమంటాం, అమ్మా?"

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. కన్నీళ్లు ఆగాయి కానీ దిగులు ఆగలేదు. "బాగానే ఉందని మాత్రలు మానేయవు కదా?"

"వేసుకుంటున్నా కాబట్టే బాగుంది. డాక్టరమ్మ చెప్పందే ఒక్కటీ మానను. కత్తిరింపు యంత్రం దగ్గరికీ పోను. నా సూది, నా దారం, నా కుట్టుబల్ల. చాలా?"

తల్లి గరిటె పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

మర్నాడు పాట మళ్లీ అక్కడే ఆగింది. తల్లి తలుపు దాకా పరుగెత్తింది. చెయ్యి ఎత్తింది, తోయలేదు. మరిచిపోయిన చరణాన్ని తనే అందుకుంది.

ఒక్క ఊపిరి కాలం నిశ్శబ్దం.

లోపలి నుంచి, విరిగిన పన్ను సందులోంచి, ఈల. ఈల వెనకే పాట.

తల్లి తలుపుకు ఆనుకుని నవ్వింది.

"ఒసేయ్, ఆ చరణం రాసిస్తాను. తీసుకెళ్లి జిగురుకివ్వు."