సమాధుల మలుపులో ఎర్రబొమ్మ

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళే దారిలో ఒక మలుపుంది. ఒకపక్క పాతకాలపు సమాధులు, ఇంకోపక్క చెట్లు. వీధిదీపం లేదు. చీకటి పడితే అక్కడ కార్లు వాటంతటవే ఆగిపోతాయని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. కొందరు నమ్మారు. కొందరు నవ్వి... చుట్టూ తిరిగి వెళ్ళారు.

త్రివేణికి ఆ చుట్టుదారి కూడా లేకుండా పోయింది. రోడ్డు పనులని దాన్ని మూసేశారు. ఐదేళ్ళ కూతురు దియని డేకేర్ నుంచి తెచ్చుకోవాలంటే ఆ మలుపు దాటాల్సిందే. డిసెంబరు కదా, ఐదున్నరకే కటిక చీకటి.

కారు కొత్తది. కొని పదిరోజులయింది.

సోమవారం మలుపు తిరుగుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్రటి మనిషి బొమ్మ వెలిగింది. బీప్... బీప్... ఆమె కాలు కదపకముందే కారు బ్రేకు వేసుకుని నిలబడిపోయింది.

త్రివేణి గట్టిగా కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకుంది. చాలాసేపటికి కళ్ళు తెరిస్తే — ఖాళీ రోడ్డు.

మంగళవారం మళ్ళీ అక్కడే. అదే బొమ్మ. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి వెనకొస్తున్న ట్రక్కు గుద్దబోయి, కీచుమంటూ వెంట్రుకవాసిలో ఆగింది. వెనక సీట్లో దియ ఉంది.

బుధవారం కారు ఆగినప్పుడు వెనకనుంచి దియ తన వచ్చీరాని తెలుగులో మెల్లగా అంది —

"అమ్మా... తాత నాకు బై చెప్పింది."

"ఏ... ఏ తాత?"

"బ్లాక్ కోట్ తాత. వెళ్ళిపోయింది."

త్రివేణి కళ్ళు తెరిచి చూసింది. ఎవరూ లేరు.

ఆమె భర్త శశికాంత్ ఉద్యోగమే కార్ల సెన్సర్లు టెస్ట్ చేయడం. అంతా విని, గరాజ్‌లోకి వెళ్ళి కారు ముందువైపు టార్చి వేసి చూసి, పకపకా నవ్వాడు.

"దెయ్యం దొరికింది, ఇలా రా!"

వాహనపూజ రోజున పూజారిగారు కారు లోగోకి దట్టంగా పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టారు. ఎదుట ఏముందో పసిగట్టే రాడార్ ఆ లోగో వెనకే ఉంటుంది.

"ఆఫీస్‌లో రోజంతా సెన్సర్లు తుడిచేది నేను. నా కారుకి దగ్గరుండి పసుపు పూయించిందీ నేనే! అందుకే, పసుపు అడ్డొచ్చి, లేని మనిషిని చూస్తోంది కారు." గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు.

"మరి దియ చూసిన తాత?"

"నీ భయం చూసి అది ఊహించుకుంది."

త్రివేణికి మనసు కుదుటపడలేదు. "అయినా ఆ ఆటోమేటిక్ బ్రేకు తీసెయ్, శశీ. ఏ ట్రక్కో వెనకనుంచి గుద్దితే... దియ..."

శనివారం సర్వీస్ అపాయింట్‌మెంట్ ఉంది కదా, అందాకా సరేననుకుని, శశికాంత్ హెచ్చరికలూ బ్రేకూ రెండూ ఆఫ్ చేశాడు.

గురువారం మంచు పడుతోంది. మలుపు దగ్గరపడింది.

బొమ్మ వెలగలేదు. బీప్ లేదు. హమ్మయ్య అనుకోవాలి... కానీ ఆ నిశ్శబ్దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. కారు తనంతట తాను ఆగదు కనక ఈసారి కళ్ళు మూసుకునే వీలూ లేదు. మూడురోజుల భయం ఆమె కాలిని బ్రేకు మీద అదిమేసింది.

కారు జారింది... జారింది... ఆగింది.

బానెట్‌కి జానెడు దూరంలో — నల్లకోటు, నల్లటోపీ.

ఆ ఆకారం అడుగులో అడుగేసుకుంటూ వచ్చి అద్దం మీద తట్టింది. ముడతలుపడ్డ ముఖం. నోట్లోంచి ఆవిరి వస్తోంది... మనిషే. ముసలాయన. ఆమె అద్దం దించింది.

"థాంక్యూ," అన్నాడాయన ఇంగ్లీషులో, గుసగుసగా. "అందరూ హారన్ కొడతారు. మీరు మాత్రం రోజూ నేను దాటేదాకా ఆగుతారు. మా ఆవిడ అక్కడ ఉంది..." సమాధులవైపు చూపించాడు. "సాయంత్రం కాసేపు కూర్చుని వస్తాను."

దియకి చెయ్యి ఊపి, చెట్ల వెనకున్న ఇంటివైపు నడిచిపోయాడు.

త్రివేణి కదలలేకపోయింది. కారు మూడురోజులూ నిజమే చెప్పింది. పట్టుబట్టి దాని నోరు మూయించింది తనే. ఇవాళ ఒక్క క్షణం ధైర్యం చేసి బ్రేకు తొక్కకపోయుంటే, ఆ ముసలాయన...

అక్కడే, రోడ్డుపక్కకి తీసి ఫోన్ చేసింది.

"శశీ... ఆ బ్రేకు ఎలా ఆన్ చెయ్యాలో చెప్పు. అదయ్యేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను."