సున్నా సరిగ్గానే చూపింది

ఫోను వచ్చేసరికి తబస్సుమ్ బొరుగుల ఉగ్గాని కలుపుతోంది. ఆళ్లగడ్డ శనగపప్పు మిల్లువాళ్లు మిషన్లకు ఆరు ఇరుసు షాఫ్టులు చేసిమ్మన్నారని అన్సార్ వంటింట్లోకి వచ్చి చెప్పి, బాణలిలోంచే ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నాడు. వాళ్లకు పెళ్లయి నలభై రోజులు. నంద్యాలలో తండ్రి బాబ్జాన్ నడిపే లేతు షాపులో అతను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. బాగా చేస్తే షాపు అప్పజెప్తానని బాబ్జాన్ మాట ఇచ్చాడు.

ఆ ముందువారమే తబస్సుమ్ భర్తకోసం ఆన్‌లైన్‌లో మందం కొలిచే డిజిటల్ వెర్నియర్ తెప్పించింది. పేరున్న కంపెనీ, సగం ధర. దవడలు మూస్తే తెరమీద సున్నా కనిపించింది. బీయస్సీ ల్యాబులో మొదట సున్నా చూడమనేవారు కదా, ఇంక భయం లేదని తేల్చేసింది. అన్సార్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతుంటే ఆమెకు ఊరికే నవ్వొచ్చేది.

ఐదోరోజు ఆరు షాఫ్టులూ తిరిగొచ్చాయి. వాటిమీద ఎక్కించిన బేరింగులు వదులుగా తిరుగుతున్నాయట.

తబస్సుమ్ అన్నం క్యారియరుతో షాపుకు వెళ్లేసరికి తండ్రీకొడుకులు ఒకే షాఫ్టును చెరో వెర్నియర్‌తో కొలుస్తున్నారు. కొత్తది సరిగ్గా ముప్పై మిల్లీమీటర్లు అంటోంది. బాబ్జాన్ పాతది తక్కువ చూపిస్తోంది.

"చేయి కుదర్లేదని చెప్పప్పా. మిషన్లమీద యాల తోస్తావు?" అన్నాడు బాబ్జాన్.

"నీది నాకంటే పాతది నాయనా. అరిగిపోయింటాది."

"అట్లయితే షాపు నన్నడగాకు."

తబస్సుమ్‌కు ఏమీ అర్థం కాలేదు. ఏది అబద్ధమాడుతోంది? దవడలు మళ్లీ మూసింది. సున్నానే. అదే వెర్నియర్ కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు ఫోన్లో తెరిచింది. ఎవరిదో పెట్టెమీద ఉన్న సీరియల్ నంబరూ షాపులోనే ఉన్న తన పెట్టెమీది నంబరూ ఒక్కటే. ఇంకొకరిదీ అదే. దేనిది దానికుండాల్సిన నంబరు అన్నిటికీ ఒకటే ఎలా అవుతుంది? ఇది నకిలీ సరుకే.

కొలత ఖాయంగా తెలిసిన వస్తువు ఏదైనా ఉందా అని మామను అడిగింది. ఆయన సీలు విప్పని బేరింగు ఒకటి తెచ్చాడు. కంపెనీ లెక్కప్రకారం దాని బయటి కొలత అరవై రెండు మిల్లీమీటర్లు. పాతది అరవై రెండే చూపింది. కొత్తది ఇంకో పావు మిల్లీమీటరు ఎక్కువ చూపింది.

"సున్నా సరిగ్గా ఉంది కదా మామా?"

"అదొక్కటే చూస్తే యాడ సరిపోతాదమ్మా? ఇట్ల తెలిసినదాన్ని పెట్టి చూడల్ల."

ఆమె కళ్లు నిండాయి. "తప్పు ఆయనది కాదు మామా. ధర చూసి, అమ్మేదెవరో చూడకుండా కొన్నది నేను. మంచిదని చెప్పిందీ నేనే."

బేరింగు ఎక్కించి చూడకుండా పంపింది తానేనని అన్సార్ గొణిగాడు. బాబ్జాన్ పాత వెర్నియర్‌ను గుడ్డతో తుడిచాడు.

"నేనన్నా ఒకసారి కొలిచిండల్ల. వీడెట్ల చేస్తాడో సూద్దామని దూరంగా కూచుంటి." వెర్నియర్‌ను కొడుకు చేతిలో పెట్టాడు. "రేపు ఫస్టు బస్సుకు ముగ్గురమూ ఆళ్లగడ్డకు పోతాండాం. ఆ నంబర్లు నువ్వు సూపియ్యమ్మా. మళ్లీ చేసిచ్చేదానికి గడువు మాత్రం నేనడగను. పని వీనిది, మిల్లాయనతో వీడే మాట్లాడతాడు."